అత్తయ్య బొటనవేలు

ఒకచోట బాగున్నది అన్నిచోట్లా బాగుంటుందని మా బావగారి నమ్మకం. చెప్పుల దుకాణం వెబ్‌సైటులో బొమ్మలు పక్కకి జారుతూ ముచ్చటగా ఉన్నాయని పళ్ళ డాక్టరు సైటులో కూడా అలాగే జారించారు. చెప్పులు జారుతూ వస్తే చూడబుద్ధవుతుంది. పుచ్చిన పళ్ళు ఒకదాని వెనక ఒకటి ఊరేగింపుగా వస్తే ఎవరికి బాగుంటుంది? వచ్చే పేషెంట్లు కూడా పారిపోయేలా ఉన్నారేంటండీ అని డాక్టరు ఫోన్ చేశాడు. బావగారు ఫోన్ పెట్టేసి, ఈయనకి అభిరుచి తక్కువ అని తేల్చేశారు.

బావగారంటే మా ఆయన అన్నయ్య. తాళాలు బాగుచేసే దుకాణం పైన, మేడ మీది గదిలో మేమిద్దరం వెబ్‌సైట్లు తయారుచేస్తాం. రంగులూ బొమ్మలూ ఆయన చూస్తారు. ఏది ఎక్కడ ఉండాలో, ఏది అసలు ఉండకూడదో నేను చూస్తాను. ఉండకూడనివే ఎక్కువ కాబట్టి మాకు రోజూ కీచులాటే. మా ఆయన బ్యాంకులో పని చేస్తారు. సాయంత్రం ఇంటికొచ్చి ఇద్దరి ఫిర్యాదులూ విని, మీ గొడవలోకి నన్ను లాగకండి అని పేపరు అడ్డం పెట్టుకుంటారు.

నా లెక్క ఒక్కటే. సైటుకి వచ్చే మనిషి ఏ స్థితిలో వస్తున్నాడో చూడాలి. చెప్పులు కొనేవాడికి తొందర ఉండదు, నాలుగు రకాలు చూపించి, సైజు అడిగి, కాసేపు మాటల్లో పెట్టొచ్చు. డ్రైవింగ్ స్కూలు వెతికేవాడికి క్లాసు ఎన్నింటికో, ఎవరికి ఫోన్ చెయ్యాలో పైనే కనపడాలి. ఒకసారి శవాలని తీసుకెళ్ళే బండ్లవాళ్ళకి సైటు చేశాం. దానికి పెద్ద అక్షరాల్లో ఒక్క నంబరు చాలు, నొక్కగానే ఫోన్ వెళ్ళిపోవాలి, ఇంకేమీ వద్దు అన్నాను. బావగారు సరేనన్నట్టే అని, చెప్పుల సైటులో పెట్టిన చిన్నిని తెచ్చి అందులోనూ కూర్చోబెట్టారు. చిన్ని అంటే ఒక మాటల పెట్టె. తెర అడుగున మూల నుంచి నవ్వుమొహం ఒకటి పైకి లేచి, "హాయ్, నేను చిన్నిని, మీకేం కావాలి?" అంటుంది. సైటు మూసేస్తుంటే, "తప్పకుండా మళ్ళీ రండి" అంటుంది. చావింట్లో బండి కోసం ఫోన్ పట్టుకున్న వాళ్ళకి ఆ మాట ఎలా ఉంటుందో చూడండి. ఆ బండ్ల యజమాని మంచివాడు కాబట్టి నవ్వి ఊరుకున్నాడు.

మా ఇద్దరికీ తీర్పు చెప్పేది మా అత్తయ్య.

అత్తయ్య బస్సు టికెట్ల కౌంటర్లో ఉద్యోగం చేసేవారు. నా పెళ్ళికి ముందే మానేశారు. మోకాళ్ళ నొప్పులని చెప్పేవారు. నేను కాపురానికి వచ్చేసరికి ఆవిడకి పొద్దు గడిచేది కాదు. సర్దిన అలమరే మళ్ళీ సర్దేవారు, ఆరిన బట్టలే దులిపి మళ్ళీ ఆరేసేవారు. మేం మొట్టమొదట చేసింది ఆ డ్రైవింగ్ స్కూలు సైటు. ఒక మధ్యాహ్నం ఆవిడ మాకు క్యారేజీ తెస్తే, బావగారు గొప్పగా ఫోన్ చేతికిచ్చి, "అమ్మా, ఇందులో క్లాసు ఎన్నింటికో చెప్పు" అన్నారు. ఆవిడ చాలాసేపు అటూ ఇటూ వేలితో తోసి, "ఏమోరా, కార్లే కనపడుతున్నాయి" అన్నారు. బావగారి మొహం ముడుచుకుపోయింది. నాకు మాత్రం లంకెబిందెలు దొరికినట్టయింది.

అప్పట్నుంచి అదొక పద్ధతి. ఏ సైటైనా యజమానికి చూపించే ముందు అత్తయ్య చేతిలో పెట్టాలి. మేడ గదిలో చేతుల కుర్చీ ఆవిడది, ఇంకెవరం కూర్చోం. పక్కన స్టూలు మీద నేను. ఆవిడ ఫోనులో చేసేదంతా గోడకున్న పెద్ద తెర మీద కనపడేలా ఏర్పాటు చేసి, దాని ఎదురుగా బావగారు. నేను చిన్న సందర్భం ఒకటి చెప్తాను. మీకు చెప్పులు కావాలి, పాదం వెడల్పు, ఇలాంటిది. అక్కణ్ణుంచి ఎవరూ నోరు విప్పకూడదు. ఆవిడ తికమక పడినా, తప్పు బటన్ నొక్కినా, మా మొహాలకేసి దీనంగా చూసినా సరే. మాట జారినవాళ్ళు ఆ రోజు టీ కప్పులన్నీ కడగాలి. కడిగేది ఎప్పుడూ బావగారే. మొదలుపెట్టబోయే ముందు నేను ప్రతిసారీ ఒక మాట చెప్తాను.

"అత్తయ్యా, ఇది మీకు పరీక్ష కాదు, సైటుకి. మీకు దొరక్కపోతే తప్పు మీది కాదు, దానిది."

ఆవిడ ప్రతిసారీ తలూపేవారు.

మొదట్లో ఆవిడకి దొరకనివి బోలెడు ఉండేవి. దిద్దుకునేవాళ్ళం. రానురాను తగ్గాయి. ఈమధ్య ఏ సైటు ఇచ్చినా గడగడా చేసి చూపించేస్తున్నారు. మేం చెయ్యి తిరిగినవాళ్ళం అయ్యామని అనుకున్నాం. తీర్పు ఎప్పుడు తనవైపు వస్తే అప్పుడు బావగారు నాకేసి చూసి మీసం దువ్వుకునేవారు. అత్తయ్య అయితే పరీక్ష రోజు ఇస్త్రీ చేసిన బట్టలు కట్టుకుని, కళ్ళజోడు రెండుసార్లు తుడుచుకుని బయల్దేరేవారు. "రేపు నాకు పరీక్షుంది, రాలేను" అని పక్కింటావిడతో చెబుతుంటే విని నవ్వుకున్నాను. ఇంట్లో ఆవిడని ఎవరం ఏం అడుగుతాం గనక? కూరలో ఉప్పు సరిపోయిందా అని తప్ప. ఇక్కడ ఆవిడ ఊఁ అంటేనే పని ముందుకి కదులుతుంది. ఆ కుర్చీ వచ్చాక ఆవిడ ఆరిన బట్టల జోలికి పోవడం మానేశారు.

అలా ఉండగా డయాలసిస్ సెంటర్ పని వచ్చింది. కిడ్నీలు పాడైనవాళ్ళకి మిషను మీద రక్తం శుభ్రం చేసే చోటు. పెద్ద నర్సు స్వయంగా వచ్చింది. మెట్లెక్కిన ఆయాసం తీరేదాకా ఆగి, తర్వాత చెప్పింది. ఒక్కొక్కరికీ వారంలో ఫలానా రోజులు, ఫలానా మిషను. రాలేకపోతే వంతు మార్చుకోవాలి. ఇప్పుడైతే దానికి ఫోన్ చెయ్యాలి, ఆ ఫోన్ ఎప్పుడూ బిజీ.

"వంతు మారిందనుకుని, తీరా మారకపోతే?" అని అడిగాను.

"వాళ్ళు వచ్చేసరికి మిషను మీద ఇంకొకరు ఉంటారు. ఆలస్యమైన కొద్దీ ఒంట్లో నీరు పడుతుంది. ఊపిరాడదు. ఇక ఆస్పత్రికి పరిగెత్తడమే." రోజూ చూసే మనిషి కాబట్టి మామూలుగానే చెప్పింది. "ఇంకోటి. మిషను మీదున్నప్పుడు సూది ఉన్న చెయ్యి కదపకూడదు. రెండో చేత్తోనే ఫోన్ పట్టుకుని, ఆ చేత్తోనే నొక్కాలి. అది గుర్తుపెట్టుకోండమ్మా."

గుర్తుపెట్టుకున్నాను. అక్షరాలు పెద్దవి చేశాను. పాస్‌వర్డులు తీసేసి, ఫోనుకి వచ్చే నంబరు కొడితే లోపలికి వెళ్ళేలా పెట్టాను. నొక్కాల్సినవన్నీ ఒంటిచేతి బొటనవేలికి అందేంత కిందికి దించాను. రోజు ఎంచుకోవాలి, గంట ఎంచుకోవాలి, అడుగున 'ఖాయం చెయ్యి' అన్నది నొక్కాలి. అది నొక్కితేనే వంతు మారినట్టు.

మర్నాడు వచ్చి చూస్తే అడుగున చిన్ని కూర్చుని ఉంది.

"బావగారూ, ఇది ఇక్కడెందుకండీ?"

"పాపం, గంటలకొద్దీ ఒంటరిగా పడుకుని ఉంటారు. పలకరించేవాళ్ళు ఉండొద్దూ?"

"ఖాయం బటన్ మీదే కూర్చుంది. దీన్ని మూస్తే గానీ అది కనపడదు."

"మూస్తారు. మూలన ఇంటూ గుర్తు ఉందిగా."

"ఆవగింజంత ఉంది."

"చెప్పుల సైటులో ఒక్కళ్ళైనా కంప్లయింట్ చేశారా?"

"చెప్పులు దొరక్కపోతే ఊపిరి ఆగిపోదు కదండీ."

ఆయన గడ్డం గోక్కున్నారు. తను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే మనిషి. కానీ అన్యాయస్థుడు కాదు. "సరే, నీ మాటా వద్దు, నా మాటా వద్దు. అమ్మ చేతిలో పెడదాం. అమ్మ అక్కడ తడబడితే చిన్నిని నేనే తీసేస్తాను" అన్నారు.

ఒప్పుకున్నాను. ఆవగింజ అత్తయ్య కళ్ళకి ఆనదు, దెబ్బకి ఈయన నోరు మూతపడుతుంది అని లోపల సంబరపడ్డాను కూడా.

పరీక్ష రోజు పొద్దున మా ఇంట్లో పాలు పొంగిపోయాయి. అత్తయ్య పొయ్యి దగ్గర ఉండగా పాలు పొంగడం నేనెప్పుడూ చూడలేదు. ఆవిడ ఫోను పంచదార డబ్బాకి ఆనించి ఉంది. నా అలికిడి విని దాన్ని బోర్లా పెట్టేసి, గట్టు తుడవడం మొదలుపెట్టారు. ఏదో వంట వీడియో చూస్తున్నారనుకున్నాను.

మధ్యాహ్నం కుర్చీలో కూర్చున్నాక సందర్భం చెప్పాను. "మీరు పేషెంటు. గురువారం మనవరాలి బళ్ళో ఆటల పోటీలున్నాయి. మీ వంతు శుక్రవారానికి మార్చుకోవాలి. మీ ఎడమ చేతికి సూది ఉంది, కదపకూడదు."

అత్తయ్య ఎడమ చెయ్యి కుర్చీ చేతి మీద చాపి, అరచెయ్యి పైకి తిప్పి పెట్టారు. అచ్చం సూది గుచ్చినట్టే. కుడిచేత్తో ఫోన్ పట్టుకున్నారు. శుక్రవారం నొక్కారు. గంట నొక్కారు. తర్వాత బొటనవేలు తెర మీద కుడి మూలకి వెళ్ళి, ఆనీ ఆనకుండా గాల్లో ఆగింది. అక్కడ ఏమీ లేదు, ఖాళీ. ఒక క్షణం గడిచాక ఆ మూల నుంచి చిన్ని పైకి లేచింది, దాని ఇంటూ గుర్తు సరిగ్గా వచ్చి ఆ వేలి కిందే ఆగింది. ఆవిడ నొక్కారు. చిన్ని పోయింది. ఖాయం నొక్కారు.

బావగారు గోడ మీది తెర చూస్తున్నారు. ఆయనకి కనపడింది పెట్టె రావడం, మూతపడడం. అంతకన్నా చక్కగా ఎవరు చేస్తారు? "అమ్మా, నువ్వు అమ్మవి" అన్నారు, ఇంకేం మాట దొరక్క. అత్తయ్య ఫోను ఒళ్ళో పెట్టుకుని, సూది చెయ్యి కుర్చీ మీంచి అప్పుడు తీశారు.

నేను తెర చూడలేదు, వేలు చూశాను. ఇంకా రానిదాని కోసం అది ముందే వెళ్ళి కాచుకుని ఉంది. పొద్దున పొంగిన పాలు అప్పుడు గుర్తొచ్చాయి.

మా కుటుంబానికంతా కలిపి ఫోనులో ఒక గ్రూపు ఉంది. బావగారికి మెప్పు లేనిదే ముద్ద దిగదు. సైటు తయారవగానే దాని లింకు అందులో పెట్టి, కొత్తది, చూసి చెప్పండి అంటారు. చూడకుండానే అందరూ బొటనవేలు పైకెత్తిన బొమ్మలు పెడతారు. నేనూ అంతే, రోజంతా చూసి చచ్చినదాన్ని మళ్ళీ ఏం చూస్తాను? నిజంగా తెరిచి చూసే మనిషి ఒక్కరున్నారని మాకెవరికీ తట్టలేదు. ఇన్నాళ్ళుగా ఆవిడ ముందు రోజే చదువుకుని పరీక్షకి వస్తున్నారు. మేం చేస్తున్నవి బాగున్నాయని మేం మురిసిపోతున్నాం.

మింగలేక కక్కలేక అన్నట్టయింది నా పని. బావగారికి చెబితే ఆయన కడుపులో దాగదు, వెళ్ళి తల్లి మొహం మీదే అడిగేస్తారు. ఆవిడ కుర్చీ పోతుంది. చెప్పకపోతే చిన్ని అక్కడే ఉంటుంది, ఒంటిచేత్తో ఫోన్ పట్టుకున్న ఎవరో ఒకరు వంతు మారిందనుకుని నిశ్చింతగా నిద్రపోతారు, తెల్లారి మిషను దగ్గరకి వెళ్ళి నిలబడతారు.

సాయంత్రం వంటింట్లో మెల్లిగా కదిపాను. "అత్తయ్యా, ఆ సైటు మీరు ముందే ఎక్కడైనా చూశారా?"

"నేనెక్కడ చూస్తాను?" ఆవిడ ఉల్లిపాయలు తరుగుతున్నారు. కత్తి ఆగలేదు గానీ నెమ్మదించింది. "ఎందుకడుగుతున్నావు? తప్పేమైనా చేశానా?"

"లేదు, బాగా చేశారు."

"మరింకేం."

మర్నాడు పెద్ద నర్సు ఫోన్ చేసి, పేషెంటు బదులు ఇంట్లోవాళ్ళు కూడా వంతు మార్చేలా వీలు పెట్టమంది. సోమవారం సైటు తెరవాలి. ఆ వీలు కోసం తేదీలు పైకి జరపాల్సి వచ్చింది, బటన్లు అటు నుంచి ఇటు మారాయి, వాటితోపాటు చిన్ని కూడా కుడి మూల నుంచి ఎడమ మూలకి చేరింది. అవన్నీ పనికి అవసరమైన మార్పులే. లింకు ఆపడం మాత్రం నేను కావాలని చేశాను. "అంతా అయ్యాక ఒకేసారి గ్రూపులో పెడదాం బావగారూ, అందరూ ఆశ్చర్యపోతారు" అన్నాను. ఆయన సంతోషంగా ఒప్పుకున్నారు. ఇంత మారింది కాబట్టి అమ్మ ఇంకోసారి చూడాలి అన్నాను. దానికీ ఒప్పుకున్నారు.

అత్తయ్య ఆ రోజు ఒకటికి నాలుగుసార్లు ఫోన్ తీసి చూసుకోవడం గమనించాను. గ్రూపులో ఏమీ రాలేదు.

కుర్చీలో కూర్చోగానే ఎడమ చెయ్యి మళ్ళీ చాపి పెట్టారు. ఎప్పటి మాట చెప్పాను, ఎప్పట్లాగే తలూపారు. ఫోనులో వెలుగు రాగానే ఆవిడ మొహం పాలిపోయింది. ఇల్లు మారిపోయిన మనిషిలా అక్కడా ఇక్కడా చూశారు. రోజు దొరికింది. గంట దొరకడానికి చాలాసేపు పట్టింది. చిన్ని పైకి లేచింది. ఆవిడ బొటనవేలు అలవాటుగా కుడి మూలకే వెళ్ళి నొక్కింది. ఇంటూ ఇప్పుడు ఎడమన ఉంది, వేలు పడింది పెట్టె మీద. చిన్ని తెరంతా పరుచుకుని అడిగింది, "మీ పాదం సైజు ఎంత?"

చెప్పుల సైటు నుంచి తెచ్చినప్పుడు బావగారు ఆ ప్రశ్నలు తీసెయ్యడం మర్చిపోయారు.

"సైజు అడుగుతోంది" అన్నారు అత్తయ్య.

ఆవిడ నాకేసి చూశారు. నేను ఫోనుకేసి చూశాను. బావగారు నోరు తెరిచి, నా చూపు చూసి మూసుకున్నారు. అత్తయ్య తన సైజు కొట్టారు. 'ఏ రంగు ఇష్టం?' అంది చిన్ని. ఆవిడ వెనక్కి వెళ్ళబోతే మొత్తం మొదటికొచ్చింది. మళ్ళీ రోజు, మళ్ళీ గంట, మళ్ళీ చిన్ని. పై పెదవి మీద చెమట పట్టింది. కళ్ళజోడు ముక్కు మీదికి జారింది, ఎగదోసుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. అంత తికమకలోనూ ఎడమ చెయ్యి మాత్రం కదపలేదు. చూడలేకపోయాను. అయినా నోరు విప్పలేదు.

చివరికి ఫోను ఒళ్ళో పెట్టేసుకున్నారు.

"నాకు రావట్లేదమ్మా" అన్నారు. "నన్ను తీసేస్తారా?"

"అదేంటత్తయ్యా. ఇది మీకు పరీక్ష కాదు..."

"తెలుసు. సైటుకి." గొంతు పెంచలేదు. "కౌంటర్లో టికెట్ల మిషన్లు తెచ్చినప్పుడూ అదే మాట చెప్పారు. ఇది మీకు పరీక్ష కాదమ్మా, మిషను ఎలా ఉందో చూస్తున్నాం అంతే, రానిచోట రాలేదని చెప్పండి అన్నారు. నేను నమ్మాను. రాలేదని చెప్పాను. నెల తిరక్కుండా ఇంటికి పంపారు."

బావగారు తెర ముందు నుంచి లేచారు. "మోకాళ్ళ నొప్పులని మానేశానన్నావు కదమ్మా."

"కన్నకొడుకులకి ఏం చెప్పుకుంటాంరా?" అని, నావైపు తిరిగారు. "ఈసారి లింకు రాలేదు. నువ్వే ఆపావు కదూ?"

"ఆపాను."

"అయితే ఇవాళ పరీక్ష సైటుకి కాదు. నాకే పెట్టావు."

ఆవిడ అన్నదే నిజం. అత్తయ్య కుర్చీలోంచి లేచి, కళ్ళజోడు సర్దుకుని, మెట్లు దిగి వెళ్ళిపోయారు. కింద తాళాలాయన పలకరించడం, ఆవిడ బాగానే ఉన్నానని చెప్పడం పైకి వినపడింది.

బావగారు చిన్నిని తీసేశారు. అడుగున ఖాయం బటన్ ఒక్కటే మిగిలింది, వెడల్పుగా, ఏ చేత్తో పట్టుకున్నా అందేలా. తర్వాత ఆయన టీ కప్పులు తీసుకెళ్ళి కడిగారు. ఆ రోజు కడగాల్సింది నేను.

సోమవారం సైటు తెరిచాం. కొన్నాళ్ళకి పెద్ద నర్సు ఫోన్ చేసి, అందరూ వాడుతున్నారని, ఇప్పుడు తన ఫోన్ కాస్త ఊపిరి పీల్చుకుంటోందని చెప్పింది. వంతు తప్పి వచ్చినవాళ్ళు ఎవరూ లేరంది. ఆ సంగతి ఇంట్లో అత్తయ్యకి చెప్పాను. "మంచిదేగా" అన్నారు.

కోపం వస్తే నాలుగు తిట్టే మనిషైతే బాగుండేది. ఆవిడ తిట్టరు. అడిగినదానికి జవాబు చెప్తారు, అడగనిది మాట్లాడరు. మా ఇంట్లో అంత మర్యాద నేనెప్పుడూ చూడలేదు. మళ్ళీ పరీక్షకి రమ్మని బావగారు పిలిస్తే మోకాళ్ళ నొప్పులన్నారు. బదులుగా కింది తాళాలాయన్ని కూర్చోబెట్టాం. ఆయన ప్రతి బటన్‌కీ తన చిన్నప్పటి కథ ఒకటి చెప్పాడు. చేతుల కుర్చీ మాత్రం ఆయనకి ఇవ్వలేదు, స్టూలు మీదే కూర్చున్నాడు. ఒక సాయంత్రం నేను ఇంటికొచ్చేసరికి అత్తయ్య పెరట్లో ఉన్నారు. ఆరిన బట్టలు దులిపి మళ్ళీ ఆరేస్తున్నారు.

"అత్తయ్యా, లింకు ఆపడం నా తప్పే" అన్నాను.

"పని అయింది కదా. తప్పేముంది?"

"నిజం చెప్తున్నాను, మీకు రాకపోవడమే మాకు కావాలి. మీకు రానిచోటే మేం దిద్దుకునేది."

ఆవిడ తువ్వాలు అంచులు సరిచేస్తూ, "రాకపోవడానికి ఎవరైనా కుర్చీ వేసి కూర్చోబెడతారా?" అన్నారు. నేను చెప్పింది గోడకి చెప్పినట్టే అయింది.

ఆదివారం పొద్దున టీ పెడదామని వంటింట్లోకి వెళ్ళాను. పొయ్యి మీద గిన్నె పెట్టి, నీళ్ళు పోసి, అలవాటుగా పక్క అరలోకి చెయ్యి పెట్టాను. చేతికి సబ్బు తగిలింది. టీ పొడి డబ్బా ఉండేచోట గిన్నెలు తోమే సబ్బు ఉంది. పంచదార ఉండేచోట కొవ్వొత్తులు. వెనక్కి తిరిగాను. గుమ్మం పక్కన స్టూలు వేసుకుని అత్తయ్య కూర్చుని ఉన్నారు, చేతులు ఒళ్ళో పెట్టుకుని.

"నీకు టీ కావాలి. ఎడమ చేతికి సూది ఉంది, కదపకూడదు" అన్నారు.

అంతే, ఇక నోరు విప్పలేదు.

నవ్వొచ్చింది మొదట. ఎడమ చెయ్యి వీపు వెనక పెట్టుకుని వెతకడం మొదలుపెట్టాను. పై అరలో పళ్ళేలు, కింది అరలో పాత సీసాలు. ఇన్నేళ్ళు వండిన వంటిల్లు, నాకు ముక్కూమొహం తెలియని ఇల్లయిపోయింది. నీళ్ళు మరగసాగాయి. "అత్తయ్యా, ఎక్కడ పెట్టారు?" అన్నాను. ఆవిడ నా చేతికేసి చూస్తున్నారు, మొహానికేసి కాదు. తెరిచిన తలుపే మళ్ళీ తెరిచాను. మెడ వెనక వేడెక్కింది. చూస్తున్న మనిషి అక్కడుంటే చేతులు ఎంత మొద్దుబారతాయో అప్పటిదాకా నాకు తెలియదు. కాసేపటికి నవ్వు ఎటో పోయింది. గిన్నెలో నీళ్ళు సగానికి వచ్చాయి.

"నాకు దొరకట్లేదత్తయ్యా" అన్నాను. నా గొంతు నాకే చిన్నగా వినపడింది.

"నీకు దొరక్కపోతే తప్పు నీది కాదు, వంటింటిది" అన్నారు.

ఎన్నిసార్లు అన్నానో ఆ మాట నేను. నాతో ఒకరు అనడం అదే మొదలు. ఒక్క ముక్క నమ్మబుద్ధి కాలేదు. ఏడుపొచ్చింది.

అత్తయ్య లేచి పొయ్యి ఆపారు. కిటికీ అంచు మీంచి, నా కళ్ళెదురుగానే ఉన్న టీ పొడి డబ్బా తీసి నా చేతిలో పెట్టారు.

"రేపేం సైటు?" అన్నారు.

"కళ్ళజోళ్ళ దుకాణం."

"లింకు పెట్టొద్దని వాడికి చెప్పు" అని, కొంగుతో కళ్ళజోడు తుడుచుకోవడం మొదలుపెట్టారు.